మంచుకు థర్మామీటరు ఎక్కడ పెట్టాలి?

డిసెంబరు నెల వచ్చిందంటే మన దినపత్రికలకు ఒక వార్త సిద్ధంగా ఉంటుంది. "లంబసింగిలో సున్నా డిగ్రీలు!" పక్కనే ఒక ఫొటో. గడ్డిపరకల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకున్న మంచు, మోటారు సైకిలు సీటు మీద పలచని పొర, మఫ్లర్లు చుట్టుకుని నవ్వుతున్న కుర్రకారు. అదే రోజు, ఒక్కొక్కసారి అదే పేజీలో, కింద చిన్న అక్షరాలతో మరో వార్త ఉంటుంది. చింతపల్లిలో కనిష్ఠ ఉష్ణోగ్రత నాలుగో, ఐదో అని. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదైన అంకె అది. ఇక చూడండి, మన కాలేజి గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర వాదన మొదలవుతుంది. "నీళ్లు గడ్డ కట్టాయంటే సున్నా అయినట్టే కదా, ఆ స్టేషన్ వాళ్లు నిద్రపోతున్నారు" అని ఒక పక్షం. "టూరిస్టుల కోసం పేపర్లవాళ్లు కోసేస్తున్నారు" అని ఇంకో పక్షం.

మిత్రులారా, ఈ రెండు పక్షాలవారూ కూడా ఒక ప్రశ్న అడగడం లేదు. థర్మామీటరు ఎక్కడ పెట్టారు? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఉష్ణోగ్రత గురించి మాట్లాడడం, ఏ ఊరి సంతలో అని చెప్పకుండా బెల్లం ధర చెప్పడం లాంటిది. ఈ సంగతి కాస్త విపులంగా వ్రాయాలని నా కోరిక. లంబసింగి గడ్డి దగ్గర మొదలై అది అంటార్కిటికా దాకా వెళుతుంది, తిరిగి మా మామిడితోట దాకా వస్తుంది.

ముందు మన భాషతోనే ఒక చిక్కు ఉంది. తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే, అది చేసే ఉద్యోగాలు అనేకం. తెల్లవారుజామున ఆకు మీద నీటిబొట్టు మంచు. రోడ్డు కనపడకుండా కమ్మేది పొగమంచు. లంబసింగిలో గడ్డి మీద గడ్డకట్టేదీ మంచే. హిమాలయాల్లో పైనుంచి దూదిలా రాలేదీ మంచే. ధ్రువ ప్రాంతంలో సముద్రమే గట్టిపడితే అది కూడా సముద్రపు మంచు. ఇవి చాలవన్నట్టు మామిడి పూతను పీల్చే పురుగుకు కూడా తేనెమంచు పురుగు అని పేరు పెట్టారు మన పెద్దలు! ఉష్ణదేశం వాళ్లం, మనకు అన్ని మాటలతో అవసరం పడలేదు. కాని ఇవన్నీ వేరు వేరు వస్తువులు. లంబసింగిలో పడేది పైనుంచి రాలే హిమం కాదు. గాలిలోని ఆవిరి చల్లటి గడ్డిని తాకి అక్కడికక్కడే గడ్డకట్టినది. ఇక్కడ ముఖ్యమైన మాట "చల్లటి గడ్డి". చల్లటి గాలి అనలేదు, గమనించండి.

వాతావరణ శాఖవారి ఉష్ణోగ్రత అంటే గాలి ఉష్ణోగ్రత. నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన, పక్కలకు వెదురు తడికలా సందులున్న ఒక చెక్కపెట్టెలో థర్మామీటరు ఉంటుంది. ఎండ తగలకూడదు, నేల వేడి తగలకూడదు, గాలి మాత్రం ధారాళంగా ఆడాలి. స్టీవెన్సన్ పెట్టె అంటారు దాన్ని. కనిపెట్టినాయన థామస్ స్టీవెన్సన్, స్కాట్లండులో లైట్‌హౌసులు కట్టిన ఇంజనీరు. "ట్రెజర్ ఐలండ్" వ్రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి. (కొడుకు పుస్తకం చదివినవాళ్లు లక్షల్లో ఉన్నారు, తండ్రి పెట్టెను చూసినవాళ్లు మన క్లాసులో ముగ్గురు.) ప్రపంచమంతా ఒకే పద్ధతిలో కొలవాలి కాబట్టి ఈ ఏర్పాటు. దానితో నాకేమీ తగువు లేదు. కాని ఆ పెట్టె కింద, నాలుగడుగుల దిగువన ఉన్న గడ్డి సంగతి ఆ పెట్టె చెప్పదు.

మబ్బు లేని, గాలి ఆడని శీతాకాలపు రాత్రి నేల, గడ్డి, ఆకులు అన్నీ తమ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశానికి పంపేస్తూ ఉంటాయి. ఆకాశం నుంచి తిరిగి వచ్చేది తక్కువ. గాలికి అంత త్వరగా వేడి పోదు. అందువల్ల గడ్డిపరక తన చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడిపోతుంది. పెట్టెలో గాలికీ, కింద గడ్డికీ నాలుగైదు డిగ్రీల తేడా రావడం వింతేమీ కాదు. అంటే పెట్టెలో నాలుగు డిగ్రీలు ఉన్న ఉదయాన గడ్డి మీద సున్నా ఉండవచ్చు, మంచు గడ్డకట్టవచ్చు. స్టేషన్‌వారూ అబద్ధం చెప్పలేదు, ఫొటో కూడా అబద్ధం చెప్పలేదు. ఆయన గాలిని కొలిచాడు, ఈయన గడ్డిని చూశాడు. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ పేరు పెట్టినవారు నేల మీద పడుకుని చెప్పినవారు!

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, అది మన దేశంవాడే కనిపెట్టాడు కాబట్టి చెప్పక తప్పదు. గడ్డి లేని ఉత్త నేల మీద రాత్రిపూట ఎత్తును బట్టి కొలుచుకుంటూ పోతే, అన్నిటికంటే చల్లగా ఉండేది నేల కాదు. నేలకు జానెడో మూరెడో పైన ఉండే గాలిపొర. పూనాలో వ్యవసాయ వాతావరణ శాస్త్రానికి పునాది వేసిన ఎల్.ఎ. రామదాస్, ఆత్మనాథన్‌తో కలిసి 1932లో ఈ సంగతి ప్రకటించారు. చాలాకాలం విదేశాలలో నమ్మలేదు. కొలతలో ఏదో లోపం ఉండి ఉంటుందని కొట్టిపారేశారు. తరువాత మరికొన్ని చోట్ల కొలిచి చూస్తే నిజమేనని తేలింది. ఇప్పుడు దానికి రామదాస్ పొర అనే పేరు. దానికి సిద్ధాంతం కట్టి 1993లో ప్రచురించిన వారిలో రొద్దం నరసింహ ఒకరు. (రొద్దం అనే ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇంటిపేరు చూసి మనవాడని మురిసిపోవడం మనకు అలవాటే, నేనూ మురిశాను.) థర్మామీటరును జానెడు పైకి జరిపితే ఒక కొత్త శాస్త్ర విషయం దొరికింది చూడండి.

సరే, గడ్డి నుంచి అసలు హిమం దగ్గరికి వెళదాం. భూమి మీద ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంత? జనరల్ నాలెడ్జి పుస్తకాలు చదివినవారు టక్కున చెబుతారు. అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రం, 1983 జులై 21, మైనస్ 89.2 డిగ్రీలు. అది గాలి ఉష్ణోగ్రత. కాగా 2010 ఆగస్టు 10న తూర్పు అంటార్కిటికా పీఠభూమి మీద ఒకచోట మైనస్ 93.2 డిగ్రీలు ఉన్నట్టు ఉపగ్రహ కొలతలలో కనపడిందని 2013లో ప్రకటించారు. 2018లో అదే బృందం మళ్లీ లెక్కలు సరిచూసి, అక్కడి పల్లాలలో మంచు ఉపరితలం మైనస్ 98 దాకా పోతుందని చెప్పింది. అయినా రికార్డు పుస్తకంలో ఇప్పటికీ వోస్తోకే ఉంది. ఎందుకంటే ఉపగ్రహం చూసింది మంచు చర్మాన్ని, గాలిని కాదు. అదే చోట మనిషి ఎత్తున గాలి సుమారు మైనస్ 94 ఉండవచ్చని ఆ పరిశోధకులే అంచనా వేశారు. లంబసింగి తగాదా సరిగ్గా ఇదే! అక్కడ సున్నా, నాలుగు. ఇక్కడ మైనస్ 98, మైనస్ 94. తేడా కూడా దాదాపు అంతే కావడం కాకతాళీయమే గాని, కారణం మాత్రం ఒకటే.

వేడిమి వైపు కూడా ఇంతే. మరణలోయ అని పేరున్న అమెరికా డెత్ వ్యాలీలో 1913లో 56.7 డిగ్రీల గాలి నమోదైంది. ఇరాన్‌లోని లూత్ ఎడారి నేల 2005లో 70.7 డిగ్రీలు ఉన్నట్టు ఉపగ్రహం చూసింది. రెండూ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థం లేదు.

మరి మంచు పైపొరను కొలవడం ఎలా? థర్మామీటరు గుచ్చితే సరిపోదా అని అడిగాడు మా రూమ్మేటు, కామర్సు విద్యార్థి. సరిపోదు. థర్మామీటరు ఎప్పుడూ తన ఉష్ణోగ్రతనే చూపిస్తుంది, ఇంకెవరిదీ చూపించదు. చుట్టూ ఉన్నదానితో అది సమానమైతేనే ఆ అంకె మనకు పనికివస్తుంది. హిమం అంటే సగానికి పైగా గాలి. ఎండ దాని లోపలికి కొంత దూరం దూరుతుంది. గుచ్చిన థర్మామీటరు ఆ ఎండకు వేడెక్కుతుంది. సగం మంచులో, సగం గాలిలో ఉంటే రెండింటికీ మధ్య ఏదో ఒక అంకె చూపుతుంది. పైగా మంచు పైపొర అంటే ఎంత మందం? బియ్యపుగింజ మందమా, కాగితం మందమా? హిమం కంబళి లాంటిది, కింది వేడిని పైకి రానివ్వదు. అందుకే పైపొరకూ, ఒక జానెడు లోపలికీ మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉండగలదు. థర్మామీటరు బుడ్డి మందమే ఆ తేడాలో కొంత మింగేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మంచు మనకు సాయం చేస్తుంది. ఎంత ఎండ కాసినా హిమం ఉపరితలం సున్నా దాటదు. సున్నా దగ్గర అది కరగడం మొదలుపెడుతుంది, వచ్చిన వేడంతా కరగడానికే పోతుంది. కాబట్టి ఎవరైనా "మంచు ఉపరితలం ప్లస్ మూడు డిగ్రీలు" అని అంకె వేస్తే వేరే విచారణ అక్కరలేదు, పరికరం తప్పు. కరుగుతున్న మంచు తనంతట తానే ఒక తూనికరాయి.

తాకి కొలవడం కుదరనప్పుడు మిగిలింది చూసి కొలవడం. ఇక్కడ నాకు మన విశాఖ ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. అక్కడి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. వాటి నుంచి 1500 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగిన ఇనుము దిగుతుంది. ఎర్రగా కాలి పరుగెత్తే ఉక్కు కడ్డీకి మాటిమాటికీ థర్మామీటరు ఎవరు ఆనిస్తారు? దూరం నుంచే దాని వెలుగును చూసి ఉష్ణోగ్రత చెప్పే పైరోమీటరు ఉంటుంది. వేడి వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని స్టెఫాన్ సూత్రం. సెకండియర్‌లో పరీక్షకు బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరచిపోయే సూత్రం. దాని ప్రకారం లెక్క వేస్తే 1500 డిగ్రీల కృష్ణవస్తువు చదరపు మీటరుకు ఐదున్నర లక్షల వాట్లు వెదజల్లుతుంది. సున్నా డిగ్రీల మంచు? అది కూడా 310 వాట్లు వెదజల్లుతుంది! మంచు చల్లటిది కాబట్టి దాని నుంచి ఏమీ రాదనుకుంటాం. మన కంటికి కనపడదు, అంతే. ఆ కనపడని కిరణాలను పట్టుకునే రేడియోమీటరు ఉంటే, గాజువాకలో ఉక్కును చూసిన సూత్రంతోనే అంటార్కిటికాలో మంచును చూడవచ్చు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే ఈ పనికి ఉక్కుకంటే మంచే అనుకూలమైన వస్తువు. మెరిసే లోహం తన కిరణాలను పిసినారిలా దాచుకుని, ఎదుటివాటి కిరణాలను అద్దంలా తిప్పికొడుతుంది. హాస్టలు మెస్సులో మెరిసే స్టీలు గ్లాసులో వేడివేడి కాఫీ పోయించుకుని, 2020లో కోవిడు రోజుల్లో మన అందరి నుదుటికీ గురిపెట్టారే ఆ గన్ను, దాని తరహాలో వర్క్‌షాపుల్లో వాడే గన్ను గ్లాసు బయటివైపు పెట్టి చూడండి. కాఫీ చల్లారిపోయిందని చెబుతుంది. అదే గ్లాసుకు కాస్త మసి పూసి చూడండి, చెయ్యి కాలే అంకె వస్తుంది. హిమం మన కంటికి అన్నిటికంటే తెల్లనిది, కాని పరారుణ కిరణాలకు అది దాదాపు నల్లని మసి. నూటికి 98, 99 వంతులు కృష్ణవస్తువు లాగానే ప్రవర్తిస్తుంది. మిగిలిన ఒకటి రెండు వంతులలోనే తంటా అంతా. ఆ మేరకు మంచు ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది, ఆకాశమేమో ఇంకా చల్లన. మైనస్ 20 డిగ్రీల మంచు, మైనస్ 60 డిగ్రీల ఆకాశం, నూటికి రెండు వంతుల ప్రతిఫలనం అనుకుని కాగితం మీద స్థూలంగా లెక్క వేస్తే, సవరించకపోతే అర డిగ్రీకి కొంచెం పైన తప్పు వస్తుంది. అర డిగ్రీయే కదా అనకండి. భూతాపం మీద అంతర్జాతీయ సభల్లో దేశాలు తగువులాడుకునేది ఒకటిన్నర, రెండు డిగ్రీల దగ్గరే.

ఉపగ్రహానికి ఇంకో శత్రువు ఉంది, మబ్బు. పరారుణ కన్ను మబ్బును దాటి చూడలేదు. ఇతర చోట్ల మబ్బును గుర్తుపట్టడం తేలిక, నేల వేడిగా, మబ్బు చల్లగా ఉంటుంది. ధ్రువ ప్రాంతంలో కింద తెల్లన, పైన తెల్లన, కింద చలి, పైన చలి. ఆరు నెలల రాత్రిలో ఒక్కొక్కసారి మబ్బే మంచుకంటే వెచ్చగా ఉంటుంది. మబ్బు లేని రోజులనే లెక్కలోకి తీసుకుంటే వచ్చే సగటు ఎప్పుడూ అసలుకంటే చల్లగా ఉంటుంది, ఎందుకంటే నేల బాగా చల్లబడేది మబ్బు లేని రోజుల్లోనే. మైక్రోవేవ్ తరంగాలు మబ్బును దాటిపోతాయి గాని అవి మంచు పైపొరను కాక లోపలి పొరలను చూస్తాయి, చూసే చుక్క కూడా పదుల కిలోమీటర్ల వెడల్పు. అందుకే నేల మీద మనిషి వెళ్లి కొలిచిన అంకె ఇప్పటికీ కావాలి. 1983-84లో మంచు మీద కట్టిన మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి కొన్నేళ్లకే మంచులో కూరుకుపోయింది. తరువాత 1989లో మైత్రి, 2012లో భారతి వచ్చాయి. చలికాలంలో బయటి లోకంతో రాకపోకలు లేకుండా అక్కడ ఉండిపోయి అంకెలు వ్రాసేవారి పనిని, ఉపగ్రహం ఉంది కదా అని తక్కువగా చూడడం నాకు నచ్చదు.

సముద్రపు మంచు సంగతి ఇంకా చిత్రం. దాని కింద ఉప్పునీరు సుమారు మైనస్ 1.8 దగ్గర ఉంటుంది, పైన గాలి మైనస్ 30. మధ్యలో ఒకటి రెండు మీటర్ల మంచుపలక. పలక పలచగా ఉన్నచోట కింది వేడి పైకి వచ్చి ఉపరితలం వెచ్చగా ఉంటుంది, మందంగా ఉన్నచోట చల్లగా ఉంటుంది. అంటే పైన ఉష్ణోగ్రత చూసి లోపల మందం ఊహించవచ్చు. కుండ మీద చెయ్యి పెట్టి లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో మా అమ్మ చెప్పినట్టు. ఇక్కడే ఒక పొరపాటు మాట సవరించాలి. సముద్రపు మంచు కరిగితే రామకృష్ణా బీచి మునిగిపోతుందని వక్తృత్వపు పోటీల్లో తరచు వింటాం. తేలుతున్న మంచు కరిగితే సముద్ర మట్టం పెరగదు, గ్లాసులో ఐసుముక్క కరిగితే నీళ్లు పొర్లవు. పెంచేది గ్రీన్‌లాండు, అంటార్కిటికాలలో నేల మీద ఉన్న మంచు. సముద్రపు మంచు చేసే పని వేరు. అది ఎండను వెనక్కి తిప్పికొట్టే తెల్ల గొడుగు. గొడుగు చిరిగితే నల్లటి సముద్రం ఎండను తాగుతుంది.

ఇదంతా మనకెందుకు, మనం వాల్తేరులో ఉన్నాం అంటారా? వాల్తేరు ఈ విషయంలో చిన్న ఊరు కాదు. 1952-53లో ఇ.సి. లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారి తోడ్పాటుతో, నౌకాదళం వారి ఓడల మీద మనవాళ్లను తీసుకుపోయి బంగాళాఖాతం ఉష్ణోగ్రతలు కొలిపించారు. వేసవి ముంగిట తీరం వెంబడి నైరుతి గాలి వీచే రోజుల్లో అడుగునీరు పైకి వచ్చి మన తీరంలో సముద్రం చల్లబడుతుందని అప్పుడే తేల్చారు. ఊరంతా వేడెక్కుతుంటే సముద్రం చల్లబడడం! తరువాత సముద్రపు అడుగున ఉన్న లోయలకు ఆయన ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. సముద్రం కొలతలో కూడా అదే ప్రశ్న. పాతరోజుల్లో బకెట్టుతో నీళ్లు తోడి డెక్కు మీద థర్మామీటరు ముంచేవారు. ఆలోపే గాలికి బకెట్టు చల్లారేది. తరువాత ఇంజను గది గొట్టంలో కొలిస్తే వెచ్చగా వచ్చేది. ఉపగ్రహం చూసేదేమో నీటి చర్మం, వెంట్రుక మందం. మూడూ "సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత"లే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఆ అంకెలతోనే చేపలు ఎక్కడ దొరకవచ్చో జాలరులకు చెబుతుంది. మన ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే బోటుకు ఆ కబురు అంటే డీజిలు ఖర్చు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది నర్సీపట్నం పక్క పల్లె. చెరకు, కొంత వరి, ఒకటిన్నర ఎకరం మామిడి. మా అయ్య ఐదో తరగతి దాటి చదవలేదు. పోయిన పుష్యమాసంలో సెలవులకు వెళ్లినప్పుడు తోటలో పూత చూపించి ఆయన అడిగిన ప్రశ్న మా ప్రాక్టికల్ పరీక్షలో ఏ ఎగ్జామినరూ అడగలేదు.

"ఏట్రా, సెల్లులో పదిహేను డిగ్రీలని సూపిస్తంది. పదిహేను డిగ్రీలకే ఆకు మీద ఇన్ని నీళ్లెలాగొస్తాయి? గాల్లో లేని సలి ఆకుకెక్కడిది?"

"ఆకు గాలికంటే చల్లబడుతుంది అయ్యా" అన్నాను.

"అలాగైతే మరి ఆకు సంగతి సెప్పాల గాని, గాలి సంగతి సెప్తే నాకేటి లాభం? పురుగు ఆకు మీదుంతాది, గాల్లో ఉండదు."

దీనికి మించి విమర్శ నేను ఏ జర్నలులోనూ చదవలేదు. పూత మీద తేమ ఎన్ని గంటలు నిలిచింది, ఆకు ఎంత చల్లబడింది అన్నదాన్ని బట్టే తెగులు వస్తుంది. రైతుకు కావలసిన అంకె అది. ఆయనకు అందే అంకె ఎక్కడో మండల కేంద్రంలో, నాలుగడుగుల ఎత్తున, నీడలో ఉన్న గాలిది.

అంకెకు డబ్బు ముడిపడినప్పుడు ఇది ఇంకా కష్టం. వాతావరణాన్ని బట్టి నడిచే పంట బీమాలో పరిహారం తోటను చూసి ఇవ్వరు, స్టేషను అంకె చూసి ఇస్తారు. మా చుట్టం ఒకాయనకు పూత మాడిపోతే, స్టేషనులో చలి హద్దు దాటలేదు కాబట్టి ఏమీ రాదని చెప్పి పంపారట. ఆ స్టేషను మిట్ట మీద, ఆయన తోట గెడ్డ పక్క పల్లంలో. రాత్రిపూట చల్లటి గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. అంటార్కిటికాలో మైనస్ 98 ఎక్కడ దొరికిందో మళ్లీ చూడండి, మంచు పీఠభూమి మీది పల్లాలలోనే. ఉపగ్రహం వెతికి పట్టుకున్న ఆ పల్లాలకు శాస్త్రలోకంలో ఉన్న గౌరవం గెడ్డ పక్క పల్లానికి లేదు!

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఏ పత్రిక అయినా ఉష్ణోగ్రత అచ్చువేసినప్పుడు గాలిదా, నేలదా, ఎంత ఎత్తున అని ఒక్క మాట వ్రాయాలి. గడ్డి మీద కనిష్ఠ ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు కొత్త వస్తువు కాదు, వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో చిరకాలంగా ఉన్నదే. ఆ అంకె రిజిస్టరులో నిద్రపోకుండా గాలి అంకె పక్కన రైతుకు చేరాలి. బీమా హద్దులు నిర్ణయించేవారు పల్లం లెక్కా మిట్ట లెక్కా వేరుగా చూడాలి. దీనికి ఖర్చవుతుందని లెక్చరర్లు కొందరు అన్నారు. అవుతుంది. తప్పు అంకెకు కూడా ఖర్చు ఉంది, కాకపోతే అది రైతు పద్దులో పడుతుంది.

ప్రభుత్వం చేసేదాకా మనం కూర్చోనక్కరలేదు. వెయ్యి, రెండు వేలల్లో మైనస్ 50 దాకా చూపే పరారుణ గన్ను దొరుకుతుంది. దాన్ని ముందు కరుగుతున్న ఐసుపొడి మీద పెట్టి సున్నా చూపుతుందో లేదో సరిచూసుకోవాలి, ఎంత తేడా ఉంటే అంత వ్రాసిపెట్టుకోవాలి. ఏటా మన సంఘం వినోదయాత్రకు లంబసింగి వెళుతూనే ఉంది, బస్సు ఖర్చు ఎలాగూ ఉంది. ఈసారి తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరున్నర దాకా అరగంటకొకసారి నాలుగు చోట్ల కొలుద్దాం. గడ్డి మీద, ఉత్త నేల మీద, రోడ్డు తారు మీద, స్ట్రాబెర్రీ మడిలో ఆకు మీద. పక్కనే నాలుగడుగుల కర్రకు మామూలు థర్మామీటరు, దానికి నీడకోసం తెల్ల అట్టపెట్టె. ఒకసారి గన్ను నిట్టనిలువుగా ఆకాశం వైపు కూడా గురిపెట్టండి, అది చూపే అంకె చూస్తే గడ్డి వేడి ఎక్కడికి పోతోందో అర్థమవుతుంది. ఆ మడి రైతును ముందుగా అడగాలి, మడిలో తొక్కకూడదు. అంకెలు తెలుగులో, ఎత్తుతో సహా వ్రాసి వచ్చే ఏడాది సంచికలో అచ్చువేయాలి, ఒక ప్రతి చింతపల్లి పరిశోధనా స్థానానికి, ఒకటి ఆ మడి రైతుకు ఇవ్వాలి. కర్ర, అట్టపెట్టె నేను తెస్తాను. గన్ను కొనడానికి చందా వేయదలచినవారు, పేరు ఇవ్వదలచినవారు దసరా సెలవుల లోపు ఫిజిక్సు లేబొరేటరీలో అటెండరు బల్ల మీద ఉన్న నోటుపుస్తకంలో వ్రాయండి.